గోరు తగలని జాయింటు

వానలో తడిసి, చెప్పుల నిండా బురదతో, ముక్కు చివర కోపంతో చిన్నమేస్త్రి పనిముట్ల షాపులోకి అడుగుపెట్టింది. కోపం వాన మీద. కానీ వానను నిలదీయడానికి కుదరదు, కౌంటరు వెనక ఉన్న మనిషినైతే నిలదీయవచ్చు.

రోజూ ఆ కౌంటరు వెనక షాపమ్మగారు ఉంటారు. మేకులన్నా జిగురన్నా, మాట సగం నోట్లో ఉండగానే తీసి ముందు పెట్టే మనిషి. ఇవాళ ఆవిడ కుర్చీలో ఎవరో కొత్త కుర్రాడు కూర్చుని, విప్పేసిన డ్రిల్లింగ్ మెషిన్ పొట్టలోకి తొంగిచూస్తున్నాడు.

"రౌటర్ కావాలి," అంది. "ఇంటర్నెట్‌ది కాదు, చెక్క కోసేది."

"తెలుసండీ. దేనికి?"

"వంటగట్టు జాయింటు కొయ్యడానికి."

అతను స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. ఇక మొదలయ్యాయి ప్రశ్నలు. బోర్డు మందమెంత? పైన లామినేట్ పొరా, గట్టి చెక్కా? ముందు అంచు గుండ్రంగా ఉంటుందా? కోతకు దారి చూపించే జిగ్ కొన్నారా? ఆ జిగ్‌లో తిరగడానికి మెషిన్ కింద ఏ సైజు గైడ్ రింగు కావాలి? పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ఇన్ని అడగరు. చిన్నమేస్త్రి పళ్ళు బిగబట్టి ఒక్కోదానికీ జవాబు చెప్పింది. రింగు దగ్గర మాత్రం, అదంతా తను చూసుకుంటానని దాటేసింది. నిజానికి ఆ రింగు గొడవేమిటో ఆమెకు తెలియదు. ఈలోపే మనసులో అతనికి ప్రశ్నపత్రం అని పేరు పెట్టేసింది.

ఆఖరి ప్రశ్నకు మాత్రం ఒళ్ళు మండింది.

"మెషిన్ పట్టుకునేది ఎవరండీ?"

"నేనే. ఏం, చేతులు చూపించమంటారా?"

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. అలమారలో మూడు రౌటర్లున్నాయి. పిడికిట్లో పట్టేంత చిన్నది ఒకటి, మధ్యరకం ఒకటి, పసిపిల్లాడంత బరువున్నది ఒకటి. ఆమె వేలు సరాసరి ఆ పెద్దదాని మీదికి వెళ్ళింది. అది బల్ల కింద తిరగేసి బిగించుకునే రకమండీ అని అతనంటే, నీవల్ల కాదులే అన్నట్టు వినిపించింది ఆమెకు. మెషిన్‌ను చంకలో ఇరికించుకుని వానలోకి నడిచింది. అతను వెనకాలే వచ్చి గొడుగు చాపితే, మెషిన్ మీద కప్పుకోవడానికి పాలిథిన్ కవరుంటే ఇవ్వమంది, గొడుగు వద్దంది.

ఇంత పంతం ఎందుకంటే, దాని వెనక ఒక పందెం ఉంది.

ఆమె తండ్రిని వీధిలో అందరూ పెద్దమేస్త్రి అంటారు. వంటగదుల పనిలో ఆయన చెయ్యి పడితే వంక పెట్టేవాళ్ళు లేరు. ఒక్కటే లోటు. గట్టు మూల తిరిగేచోట, రెండు బోర్డులు కలిసేచోట, ఆయన అల్యూమినియం పట్టీ వేస్తాడు. ఆయన గురువు వేశాడు, ఆయన వేస్తున్నాడు. ఆ పట్టీ కింద మురికి చేరుతుంది, గుడ్డతో తుడిస్తే పోగులు చిక్కుకుంటాయి. షాపమ్మగారి వంటగదిలోనూ ఆయన వేసిన పట్టీయే ఉంది. గట్టు పాతబడింది, కొత్తది వెయ్యమని ఆవిడ అడిగినప్పుడు, ఈసారి ఆ పట్టీ లేకుండా కుదరదా మేస్త్రీ అన్నారు. పట్టీ లేకుండా మూల ఎలా కలుస్తుందమ్మా అన్నాడాయన.

"నేను కలుపుతాను," అంది పక్కనున్న కూతురు.

ఇంటికొచ్చాక తండ్రి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. చూపు మందగిస్తోందని, గీత గీస్తే రెండు గీతలు కనిపిస్తున్నాయని మొదటిసారి నోరు విడిచి చెప్పాడు. వర్క్‌షాపు అద్దెకిచ్చేద్దామని ఆయన అప్పటికే ఒకరితో మాట్లాడుకున్నాడు కూడా.

"ఆ జాయింటు మీద నా గోరు నడిపిస్తాను. ఎక్కడా తగలకపోతే వర్క్‌షాపు తాళంచెవి నీది. తగిలితే పట్టీ వేసేసి, వర్క్‌షాపు అద్దెకిచ్చి, నువ్వు ఏదైనా నీడపట్టు ఉద్యోగం చూసుకో తల్లీ. నీ ఒక్కదాని చేతుల మీద నడుస్తుందని నాకు నమ్మకం కుదరాలిగా."

ఆ మాటకు ఆమె గుండె కలుక్కుమంది. నిరుడంతా అలమారలు, అరలు, తలుపులు చేసింది ఆమే. చూసినవాళ్ళు బాగుందని ఎవరు చేశారని అడిగితే, ఆయన ప్రతిసారీ "మేం చేశాం" అనేవాడు. ఆ 'మేం' ఆమెకు వేలిలో దిగిన చెక్కముల్లులా ఉండేది. చిన్నదే, కానీ పని చేస్తున్నంతసేపూ గుర్తుకొస్తుంది.

మెషిన్ కొన్న మర్నాడు ప్రయోగం మొదలుపెట్టగానే తల కొట్టేసినట్టయింది. జిగ్‌తో వచ్చిన గైడ్ రింగు పెద్ద మెషిన్ అడుగున కూర్చోదు. అక్కడ రింగు బిగించే చోటే లేదు, ఉన్నది కుండ మూతంత బెజ్జం. రింగు లేకపోతే మెషిన్ జిగ్ గాడిలో ఆనదు. ఆనకపోతే కోత ఎటు పోతుందో దానికే తెలియదు. పోనీ రింగు లేకుండానే ఒకసారి తిప్పి చూద్దామా అనుకుంది. మంచి పని చేసింది, తిప్పలేదు.

మళ్ళీ షాపుకి వెళ్ళాలంటే కాళ్ళు ముందుకు పడలేదు. వెటకారం ఆడతాడు, ఆడనీ, తిరిగి నాలుగు అంటించొచ్చని దారి పొడుగునా జవాబులు సిద్ధం చేసుకుంది. తీరా వెళితే, ప్రశ్నపత్రం నవ్వలేదు. మెషిన్ తీసుకుని, స్విచ్ కూడా వెయ్యలేదని చూసుకుని, అలమారలో పెట్టేశాడు. సిద్ధం చేసుకున్న జవాబులన్నీ వృథా అయ్యాయి. ఆమెకు అదో బాధ.

మధ్యరకం మెషిన్ తీసి ఆమె ముందు పెట్టాడు. దీని నోట్లో అరంగుళం లావు కోసే బిట్ పడుతుంది, అంత మందం బోర్డులో సన్నబిట్ వణికి వంకర కోత కోస్తుంది అన్నాడు. లోతుకు దిగుతుంది, వేగం తగ్గించుకోవచ్చు, స్విచ్ వెయ్యగానే చేతిలో ఎగిరిపడదు. అడుగున చూడండి అని తిరగేసి, ఆమె జిగ్ తాలూకు రింగును చోటులో పెట్టాడు. రింగు బుద్ధిగా కూర్చుంది.

"నిన్న చెప్పొచ్చుగా," అంది.

"చెప్పనిచ్చారా?"

అప్పుడే గుమ్మంలోకి బస్తాలు మోసే బండంత మనిషి ఒకాయన వచ్చి, గోడలు కొట్టే డ్రిల్లు కావాలన్నాడు. ప్రశ్నపత్రం అటు తిరిగి, గోడ ఇటుకదా, కాంక్రీటుదా, ఎత్తు మీదా, నేల మీదా అని మొదలుపెట్టి, చివర్న అడిగాడు. "మెషిన్ పట్టుకునేది ఎవరండీ?"

ఆ బండమనిషి తన భుజాలవైపు తనే చూసుకుని, నేనే బాబూ, ఏం, చాలనా అన్నాడు.

చిన్నమేస్త్రికి నవ్వాగలేదు. నవ్వుతుంటే చెవులు వేడెక్కాయి. ఆ మనిషి వెళ్ళాక ప్రశ్నపత్రం చెప్పాడు, తను ఇన్నాళ్ళూ వేరే ఊళ్ళో మెషిన్లు రిపేరు చేసే సెంటర్లో పనిచేశాడట. కాలిపోయిన మోటార్లు తెచ్చేవాళ్ళలో సగంమంది తమ ఎత్తుకీ చేతికీ సరిపోనివి కొన్నవాళ్ళేనట. అందుకే కొనేవాళ్ళెవరో కాదు, పట్టుకునేవాళ్ళెవరో అడుగుతాడట. అమ్మకు మోకాళ్ళ నొప్పులని షాపు చూసుకోవడానికి వచ్చేశాడట.

"అమ్మ అంటే?" అంది ఆమె, అనుమానంగా.

"షాపమ్మగారు."

అంటే పని చెయ్యబోయేది వీళ్ళ వంటగదిలోనే. చిన్నమేస్త్రి మెషిన్‌కు రెండువైపులా ఉన్న పిడులు పట్టుకుని చూసింది. చేతులకు సరిగ్గా అమిరాయి. ఆ సంగతి మాత్రం అతనితో చెప్పలేదు.

షాపు వెనకే వాళ్ళ ఇల్లు. పెరట్లో రేకుల షెడ్డు. బోర్డులు కొయ్యడానికి అదే చోటు. పాత ముక్కల మీద ఆమె కొన్నాళ్ళు సాధన చేసింది. ఒకేసారి లోతుగా దింపకుండా పొరలు పొరలుగా కొయ్యాలి. గుండ్రటి అంచు వైపునుంచి లోపలికి నడపాలి, లేకపోతే అంచున లామినేట్ పెచ్చులు లేస్తుంది. చివరి కోతకు వెంట్రుకమందమే మిగల్చాలి. ప్రశ్నపత్రం ఏదో వంకతో వచ్చి ప్రశ్నలడిగేవాడు. వేగం కాస్త ఎక్కువైందా? బిట్ వేడెక్కిందా? బోర్డును పట్టే ఆ క్లాంపు బిగిసిందా? ఒకరోజు ఆమె విసిగి, అసలు పని చేసేరోజు మీరు నోరు తెరిస్తే జిగ్ తీసి నెత్తిమీద పెడతానంది. సరేనని తలూపాడు. ఆ తలూపడంలో నవ్వుంది. ఆమె చూసింది, చూడనట్టు పొట్టు దులుపుకుంది.

అసలు రోజు వాన రేకుల మీద దరువేస్తోంది. పెద్దమేస్త్రి రానన్నాడు. పనయ్యాక గోరుతో వస్తానని, బోర్డు చివర మాత్రం నాలుగు వేళ్ళు ఎక్కువ ఉంచుకోమని ఎప్పటిలాగే చెప్పాడు. అది ఆయన పాత అలవాటు. కొలత కచ్చితంగా తీస్తే ఆ వృథా ఎందుకు నాన్నా అని ఆమె ఎప్పుడూ ఎగతాళి చేసేది. అయినా అలవాటు చొప్పున వదిలింది.

షాపమ్మగారు మోకాళ్ళు పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. కొడుకు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, నోటికి తాళం వేసుకుని. మొదటి బోర్డు గాడి అద్దంలా వచ్చింది. షాపమ్మగారు వేలితో రాసి చూసి, వెన్న కోసినట్టుందే అన్నారు. ఇక చిన్నమేస్త్రి కాళ్ళు నేల మీద ఆనలేదు. రెండో బోర్డు జిగ్ కింద పెడుతూ ఆవిడకు వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. ఒక బోర్డు మొహం పైకి ఉంచి కొయ్యాలి, రెండోది బోర్లించి కొయ్యాలి, రెండూ అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా వస్తాయి అని. చెబుతూ చెబుతూ, బోర్లించకుండానే కోసేసింది.

మెషిన్ ఆపి, రెండు బోర్డులూ దగ్గరకు చేర్చేదాకా తెలియలేదు. ముందు అంచున రావాల్సిన ఏటవాలు కోత గోడ వైపుకు వచ్చింది. మూల కలవలేదు. రెండు బోర్డులూ అలిగిన తోటికోడళ్ళలా ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాయి.

షాపమ్మగారు పెద్దమనిషి. టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయారు.

"మీరు చూశారా?" అంది చిన్నమేస్త్రి.

"చూశాను."

"బోర్లించలేదని చూశారా?"

"చూశానండీ."

"మరి చూస్తూ ఊరుకున్నారా? నోరు మూసుకోమన్నానని పంతమా? అందరినీ అన్నీ అడుగుతారు కదా. ఆ బండమనిషిని కూడా వదల్లేదు. ఈ ఒక్క ప్రశ్నకూ నోరు రాలేదా?"

అతను స్తంభం వదిలి ముందుకొచ్చాడు.

"పంతం కాదు. చేస్తున్నది మీరు కదా, ఏదో లెక్క ఉండే ఉంటుందనుకున్నాను. నాకు ప్రతిదాని మీదా అనుమానమే, అది నా జబ్బు. మీ మీద మాత్రం రాలేదు."

చిన్నమేస్త్రికి కోపం రావాలి, రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. కన్నతండ్రికే కుదరని నమ్మకం, ఎవరో పరాయివాడు అంత తేలిగ్గా, అంత తెలివితక్కువగా ఆమె మీద పెట్టేసుకున్నాడు. బోర్డు పాడైతే పాడైంది గానీ, ఆమె తల మాత్రం ఎత్తుకు లేచింది.

మెల్లగా వెళ్ళి పాడైన చివరను కొలిచింది. తప్పు కోత తీసేసి మళ్ళీ కొయ్యడానికి ఎంత కావాలో, తండ్రి పుణ్యమా అని వదిలిన ఆ నాలుగు వేళ్ళు అంతకు సరిపోయాయి. ఇన్నేళ్ళూ ఎగతాళి చేసినందుకు మనసులోనే ఆయన కాళ్ళకు దండం పెట్టుకుంది.

"ఈసారి అడగండి," అంది బోర్డు ఎత్తుతూ.

"బోర్లించారా అండీ?"

"ఇదిగో, బోర్లించాను."

"క్లాంపు బిగిసిందా?"

"బిగిసింది."

"ఇంకొకటి అడగాలి. పని గురించి కాదు."

ఆమె పొట్టు పడకుండా పెట్టుకున్న కళ్ళద్దాలు సర్దుకుంది. వాటిమీద పొట్టు ఉండటం మంచిదైంది, వెనకున్న కళ్ళు అతనికి కనిపించలేదు.

"జాయింటు కుదిరాక అడగండి," అని స్విచ్ వేసింది.

పెద్దమేస్త్రి వచ్చేసరికి గట్టు గోడకు బిగిసి ఉంది. కింద బోల్టులు, మధ్యలో జిగురు, పైన తుడిచిన నునుపు. ఆయన చెప్పులు బయట విడిచి, చొక్కాకు చెయ్యి తుడుచుకుని, మూల దగ్గర నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. అంత సన్నటి గీత ఆ కళ్ళకు తెరిచినా ఆనదు. బొటనవేలి గోరు బోర్డు మీద ఆనించి నడిపించాడు.

స్టౌ దగ్గర మొదలైన గోరు సింకు దాకా వెళ్ళిపోయింది. ఆయన నొసలు ముడిపడింది. వెనక్కు నడిపించాడు. మళ్ళీ ముందుకు. ఈసారి వేలు మార్చాడు.

"జాయింటు ఎక్కడుందే?" అన్నాడు చివరికి.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది. ఆయన వేళ్ళు అక్కడే చాలాసేపు ఉన్నాయి. షాపమ్మగారు తుడుపుగుడ్డ తెచ్చి ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్క లాగు లాగారు. గుడ్డ ఎక్కడా ఆగలేదు. ఆవిడ మళ్ళీ లాగారు, సరదాకి. పెద్దమేస్త్రి జేబులోంచి తాళంచెవి తీసి కూతురి అరచేతిలో పెట్టి, గుప్పిట మూశాడు. అద్దెకు అడిగినవాడికి వద్దని నువ్వే చెప్పు, నాకు మొహమాటం అన్నాడు. ఆమెకు కళ్ళు నిండాయి.

పనిముట్లు సర్దడానికి షెడ్డులోకి వెళితే, వెనకే ప్రశ్నపత్రం వచ్చాడు. వాన వెలిసింది, రేకు అంచునుంచి బొట్లు మాత్రం రాలుతున్నాయి.

"జాయింటు కుదిరింది," అన్నాడు.

"కుదిరింది."

"అడగనా?"

"ఎన్ని ప్రశ్నలు?"

"ఒక్కటే. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

మెషిన్ పెట్టెలో పెడుతున్న ఆమె చేతులు ఆగాయి. బోర్డు మందం అడగలేదు, రింగు సైజు అడగలేదు, ఇంత పెద్ద విషయం ఒక్క ప్రశ్నతో తేల్చేశాడు మహానుభావుడు.

"చేసుకుంటాను. కానీ నా పొట్టు మీ ఇంటినిండా పడుతుంది. పొద్దున్నే తాళంచెవి పట్టుకుని వెళ్ళిపోతాను. దానికి ఎవరూ అడ్డు చెప్పకూడదు."

"చెప్పను. నేను కూడా ఒకటి అడుగుతాను. ఇకమీదట నోరు మూసుకోమనకండి."

"బోర్డు దగ్గర అనను," అంది. "ఇంట్లో సంగతి చూద్దాం."

తిరిగి చూస్తే గుమ్మంలో ఇద్దరి పెద్దలూ ఉన్నారు. షాపమ్మగారి చేతిలో టీ కప్పుల పళ్ళెం, పెద్దమేస్త్రి చేతిలో పాత గట్టు నుంచి ఊడదీసిన పట్టీ. ఎప్పటినుంచి నిలబడ్డారో ఏమో. చిన్నమేస్త్రి తడబడి, టీ ఇటివ్వండి అమ్మగారూ అని ముందుకు వెళ్ళింది.

"అమ్మగారేమిటి ఇంకా," అన్నారావిడ కప్పు అందిస్తూ. "అత్తయ్యా అను."

ఆ సాయంత్రమే పక్కింటావిడ కొత్త గట్టు చూడ్డానికి వచ్చింది. మూల దగ్గర వంగి చూసి, చేత్తో తడిమి, ముక్కున వేలేసుకుంది. పట్టీ లేకుండా ఇంత నున్నగా ఎలా వచ్చింది, ఎవరు చేశారు మేస్త్రీ అని అడిగింది.

చిన్నమేస్త్రి తల వంచుకుని గట్టు మీద లేని మరకను తుడుస్తోంది. రాబోయే మాట ఆమెకు తెలుసు. వినీ వినీ అలవాటైపోయిన మాట.

పెద్దమేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మాయి చేసిందమ్మా. నేను చెయ్యి కూడా పెట్టలేదు," అన్నాడు. తర్వాత స్తంభంలా నిలబడ్డ కుర్రాడివైపు గడ్డం చూపించి, "మెషిన్ మా అల్లుడు ఎంచి ఇచ్చాడు," అన్నాడు.